పాత తీగె, పాత రసము



పాతదైనందున ఒక వస్తువు మంచిదగునా? లేక మంచిదైనందుననే అది పాతబడువరకు నిలిచినదా? ఈ ప్రశ్న చూచుటకు చిన్నది. అయినను దీనికి మన మిచ్చు జవాబునుబట్టి మన యింటిలోని వృద్ధులను, మన తండ్రుల పొలమును, మన సంఘపు పూర్వాచారములను, చివరకు మనము చేసిన వాగ్దానములను మన మెట్లు చూచుచున్నామో తేలిపోవును. దీనిని విచారించుటకు ఒక దృష్టాంతమును మీ యెదుట నుంచుచున్నాను. అది ముదిసిన ద్రాక్షతీగెల ఫలమునుండి తీయబడి, ఏండ్లతరబడి నిలువ చేయబడిన ఎఱ్ఱని ద్రాక్షారసము. దానిని కోరి, వెదకి, గొప్ప వెల యిచ్చి కొనువారు లోకములో అనేకులు గలరు. వారిని ఆకర్షించున దేమి? ఆ ఆకర్షణలో మనము నేర్చుకొనదగిన దేమైన ఉన్నదా?

“ఓరుగల్లు సీమలో నున్న మనకు ద్రాక్షారసముతో ఏమి పని?” అని మీ రడుగవచ్చును. న్యాయమైన ప్రశ్నయే. మన వరంగల్లు చుట్టుపట్ల తాటివనములు గలవు, వరిచేలు, ప్రత్తిచేలు, మిరపతోటలు గలవు, ద్రాక్షతోట అరుదు. హైదరాబాదు పరిసరములకు నిజాముల కాలమున ద్రాక్షసాగు వచ్చెను. అనాబ్-ఎ-షాహీ అను పెద్ద గింజల తెల్ల ద్రాక్ష ఇరువదవ శతాబ్దమున అచ్చట మిక్కిలి ప్రసిద్ధి పొందెను. అది తినుటకైన పండు. నగరము పెరిగినకొలది ఆ తోటలలో అనేకము ఇండ్ల స్థలములైపోయెను.

అయినను తెలుగువాడు ద్రాక్షను నోటికంటె ముందు చెవితో ఎరిగినవాడు. మన ఆలంకారికులు కవిత్వపు రుచిని పాకములుగా విభజించి, టెంకాయను పగులగొట్టినట్లు శ్రమపడి అర్థము తీయవలసిన దానిని నారికేళపాకమనియు, అరటిపండు తొక్క యొలిచినంత శ్రమతో అందుదానిని కదళీపాకమనియు, నోట వేయగానే కరగిపోవుదానిని ద్రాక్షాపాకమనియు పిలిచిరి. క్రైస్తవ గృహములలో పుట్టినవారు ద్రాక్షావల్లిని, ద్రాక్షగానుగను, తిత్తులను గూర్చి పసితనమునుండి వినుచునే యుందురు. వారిలో ఎందరో ఫలించిన తీగెను కన్నులార చూచి యుండరు. ప్రభువు బల్లయొద్ద కొన్ని సంఘములలో ఎండు ద్రాక్షలను నానబెట్టి పిసికిన రసమే వాడబడుచున్నది. ఇట్లు నిత్యము పలుకుచు, ఎరుగక యుండు వస్తువును గూర్చి కొంత తెలిసికొనుట మేలు.

పాతబడుట వలన మేలగు వస్తువులు మన వంటయింటిలోనే గలవు. క్రొత్త బియ్యము వండిన ముద్దయగును; ఏడాది నిలిచిన పాత బియ్యము మెతుకు మెతుకుగా విచ్చుకొనును. అందుచేతనే పెండ్లి భోజనమునకు పాత బియ్యము వెదకుదురు. ఆవకాయ కలిపిననాడు కారము కారముగా, ఆవ ఆవగా, పులుపు పులుపుగా వేరువేరుగా నాలుకను తాకును. ఊరిన తరువాత ఆ మూడును ఒకదానినొకటి ఎరిగి యొకే రుచి యగును.  నిలువయుంచిన ఎఱ్ఱని ద్రాక్షారసమునకు జరుగునది ఈ ఊరుటయే.

ఎఱ్ఱని ద్రాక్ష పండ్లలో సాధారణముగా రసమునకు రంగుండదు. రంగు తొక్కలో నుండును. తొక్కతోను గింజతోను కలిపి పులియబెట్టినప్పుడు ఆ రంగు రసములోనికి దిగును. దానితోకూడ వగరును దిగును. నేరేడుపండు తిన్నవారికి ఈ రెంటిని గూర్చి చెప్ప నక్కరలేదు: నాలుక నీలి వన్నె దాల్చును, నోరు పిడచకట్టును. క్రొత్త ఎఱ్ఱని రసములో ఈ వగరు కరకుగా నుండును. సీసాలో బిరడా బిగించి చల్లని చీకటి గదిలో ఉంచినప్పుడు, ఏండ్లు గడచినకొలది వగరు కణములు, రంగు కణములు ఒకదానితో నొకటి పెనవేసికొని బరువెక్కి మడ్డిగా అడుగునకు దిగును. ఊదా వన్నె పోయి ఇటుక వన్నె వచ్చును. పండువాసన తగ్గి, ఎండిన ఆకు, తోలు, తడిసిన మట్టి, మసాలా దినుసులను జ్ఞప్తికి తెచ్చు సువాసనలు పుట్టును. కరకుదనము పోయి మెత్తదన మేర్పడును. దీనికి 12, 13 డిగ్రీల చల్లదనము, కదలిక లేని చోటు కావలెను. వేసవిలో 40 డిగ్రీలు దాటు మన వరంగల్లు ఇంటి అటుకుమీద పెట్టినచో అది కొద్దికాలములోనే చెడిపోవును.

ఇచ్చట ఒక సత్యమును జాగ్రత్తగా గమనింపుడి. లోకములో చేయబడు ద్రాక్షారసములో అత్యధిక భాగము ఒకటి రెండు ఏండ్లలో త్రాగుటకు చేయబడినదే. దానిని ఇరువది యేండ్లు దాచినను మేలు కాదు. రుచి చచ్చి నిస్సారమగును. కాలము లేని గుణమును కలుగజేయలేదు. మొదట వగరు, పులుపు, సారము సమృద్ధిగా నున్న రసమునే కాలము పక్వపరచును. పుచ్చిన బియ్యమును ఎంతకాలము నిలువయుంచినను పాత బియ్యము కాదు గదా! కాబట్టి “పాతదంతయు మంచిది” అను సామెతను మన మొప్పుకొన నేరము.

ఇక తీగెల సంగతి. ద్రాక్షతీగె నాటిన మూడవ ఏట మొదలుకొని కాపునకు వచ్చును. మన దేశపు వేడి ప్రాంతములలో దానికి చలికాలపు నిద్ర లేదు. ఏడాదికి రెండుమారులు కత్తిరింతురు. పదిహేను, ఇరువది యేండ్లకు తోటలను మార్చుట సాధారణము. చలిదేశములలో తీగె ప్రతి శీతకాలము నిద్రించి లేచును గనుక నూరేండ్లు దాటి జీవింపగలదు. స్లొవేనియా దేశములోని మారిబోర్ పట్టణమున ఒక యింటి గోడకు ప్రాకిన ఎఱ్ఱద్రాక్ష తీగె నాలుగు వందల ఏండ్లకు పైబడినది, నేటికిని కాయుచున్నది. దాని రసము చిన్న చిన్న సీసాలలో పోయబడి గౌరవ కానుకగా ఇయ్యబడును.

ఇట్టి ముదుసలి తీగెలు నేడు అరుదుగా నుండుటకు కారణమున్నది. 1860 తరువాత అమెరికానుండి వచ్చిన ఫిలాక్సెరా అను సూక్ష్మమైన పురుగు ఐరోపా తీగెల వేళ్లను పట్టి పీల్చి, ఫ్రాన్సు మొదలగు దేశముల తోటలను దాదాపు నాశనము చేసెను. చివరకు దొరకిన ఉపాయమేమి? ఆ పురుగును తట్టుకొనగల అమెరికా అడవి తీగెల వేళ్లమీద ఐరోపా కొమ్మలను అంటుకట్టుటయే. రుచి లేనిదని త్రోసివేయబడిన అడవి తీగె, కులీనమైన తీగెను తన వేళ్లమీద మోసినది. గర్వించు వంశములు జ్ఞాపకముంచుకొనదగిన సంగతి యిది.

ఆ పురుగు చేరని చోట్లు కొన్ని మిగిలెను. దక్షిణ ఆస్ట్రేలియా వాటిలో నొకటి. అచ్చట బరోసా అను లోయ గలదు. ప్రష్యా రాజు తన యిష్టప్రకారము సంఘములను ఏకముచేసి క్రొత్త ఆరాధనక్రమమును విధింపగా, మనస్సాక్షి నిమిత్తము దాని నొప్పుకొనని లూథరన్ కుటుంబములు 1838 మొదలుకొని ఓడలెక్కి దక్షిణ ఆస్ట్రేలియాకు పోయిరి. 1842లో వారు బరోసాలో కాపురములు పెట్టిరి. మందిరములు కట్టిరి, తీగెలు నాటిరి. 1843లో నాటినదని చెప్పబడు షిరాజ్ తోట యొకటి నేటికిని అచ్చట ఫలించుచున్నది. గ్నాడెన్‌బెర్గ్, అనగా కృపాపర్వతము, అను పేరుగల మందిరమున కెదురుగా 1860 ప్రాంతమున నాటిన తీగెలు గలవు. వాటి రసమును ఆ పేరుతోనే 1958 మొదలుకొని వేరుగా సీసాలలో నింపుచున్నారు.

ముదిసిన తీగెను చూచినవారు దానిని తీగె యనరు. మొదలు మానువలె లావై, మెలికలు తిరిగి, బెరడు పేటలుగా లేచి, కొన్నిచోట్ల తొఱ్ఱపడి యుండును. కాపు పలుచన. గుత్తులు చిన్నవి, గింజలు చిన్నవి. తొక్క పాలు హెచ్చు గనుక రంగును వగరును సారమును హెచ్చు. వేళ్లు లోతునకు దిగియుండుటచేత ఒక ఏడు వాన తప్పినను, ఒక ఏడు హెచ్చినను అది బెదరదు. పడుచు తీగె కరవులో వాడి, సమృద్ధిలో పొంగిపోవును; ముసలి తీగె రెంటిని నిబ్బరముగా భరించును.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు రండు. ముసలితనమే దాని శ్రేష్ఠతకు కారణమా? శాస్త్రజ్ఞులు అందరును ఈ విషయమై ఏకాభిప్రాయము గలవారు కారు. వారిలో కొందరి మాటలో బలమున్నది: “చెడ్డ పండు కాచిన తీగెలను రైతు ఏనాడో పెరికివేసి యుండును, మంచివే మిగిలెను. కాబట్టి నేడు మిగిలిన పాత తీగెలన్నియు మంచివిగా కనబడుటలో వింతయేమి?” ఈ మాట మనలను ఆలోచింపజేయవలెను. మనము పూర్వుల కాలమును పొగడునప్పుడు, అందులోని చెడుగు రాలిపోయి మేలు మాత్రమే మన చేతికి వచ్చినదని మరచుచున్నాము గదా!

అయితే ఆ జవాబులోనే మరియొక సంగతి దాగియున్నది. తీగె తనంతట తాను మిగులలేదు. ప్రతి శీతకాలము ఎవరో ఒకరు కత్తి పట్టి దానిని కత్తిరింపవలెను. కత్తిరింపని తీగె కొద్ది యేండ్లలో పొదయై, ఆకు హెచ్చి, కాయ చెడును. నూటయేబది యేండ్ల తీగె నూటయేబది మారులు కత్తిరింపబడినది. తాత కత్తిరించెను, తండ్రి కత్తిరించెను, మనుమడు కత్తిరించుచున్నాడు. ప్రతి ఏడును దానిని పెరికివేయుటకు స్వేచ్ఛ యుండెను. ప్రతి ఏడును పెరికివేయలేదు.

పెరికివేయుటకు బలమైన కారణము వచ్చిన కాలమును కలదు. 1980 తరువాతి ఏండ్లలో ఎఱ్ఱని ద్రాక్షకు గిరాకి పడిపోయెను. ఆ దశాబ్దపు మధ్యభాగమున ప్రభుత్వమే పాత తీగెలను పెరికినవారికి సొమ్మిచ్చెను. అనేక తోటలు, నూరేండ్ల మొదళ్లతోసహా, పెరికి కాల్చబడెను. రైతులను నిందింపకుడి, అమ్ముడుపోని పండుతో బిడ్డలకు అన్నము పెట్టలేరు. అంతకు కొంచెము ముందు, ఆ లోయలోనే పీటర్ లీమన్ అనునత డుండెను. అతడు 1930లో జన్మించిన లూథరన్ పాదిరిగారి కుమారుడు. పెద్ద సంస్థలో ద్రాక్షారసము చేయు అధికారిగా నుండి, రైతులతో చేయి కలిపి “మీ పండు కొందును” అని మాట యిచ్చియుండెను. వ్రాతపత్రము లేదు. 1978లో పండు హెచ్చయినందున ఆ పండు కొనవద్దని పైవారు ఆజ్ఞాపించిరి. అతడు తన మాటను విడువలేదు. అప్పు తెచ్చి, తోడైనవారిని కూర్చుకొని, 1979లో వేరొక సంస్థను స్థాపించి ఆ పండు కొనెను. 2013లో అతడు మరణించువరకు ఆ లోయవారు ఆ సంగతిని మరువలేదు. పెరికివేత కాలమున కొందరు రైతులు నిలదొక్కుకొనుటకు ఇట్టివారు కారకులైరి. 2009లో అచ్చటివారు పాత తీగెల కొరకు ఒక నిబంధనపత్రమును చేసికొనిరి: 35 ఏండ్లు, 70 ఏండ్లు, 100 ఏండ్లు, 125 ఏండ్లు దాటిన తీగెలకు వేరువేరు పేర్లు పెట్టి కాపాడుచున్నారు.

చదువరీ, పాత రసపు ఆకర్షణ ఎచ్చట నున్నదో ఇప్పుడు కనబడుచున్నది గదా? దాని రుచి సత్యమే. కాని ఆ రుచి వెనుక ఒక విశ్వాస్యత గలదు. ఎవరో నాటిరి, తాము త్రాగలేదు. ఎవరో లాభము లేని దినములలో కత్తిరించిరి. ఎవరో ఇచ్చిన మాట నిలుపుకొనిరి. ఎవరో సీసాను తొందరపడి తెరువక ఓర్చిరి. నాలుకకు తెలియునది ఇటుకవన్నె రసము. దానిలో కరగియున్నది అనేకుల ఓర్పు.

వెల హెచ్చని కొని, అతిథులయెదుట సీసా చూపి, ఏండ్లు లెక్కించి చెప్పువా డొకడు కలడు. అతనికి దొరకునది పాతదనము కాదు, పేరు మాత్రమే. తాను ఓర్చని ఓర్పును సొమ్ముతో కొనవచ్చునని అతడు తలంచుచున్నాడు. ఆహాబు రాజు ఇట్టివాడే. యెజ్రెయేలులో నాబోతునకు పితరార్జితమైన ద్రాక్షతోట యుండెను. రాజు తన నగరి ప్రక్కనున్నదని దాని నడిగెను, దేనికి? కూరతోట వేసికొనుటకు! అంతకంటె మంచి తోట యిత్తునన్నాడు, లేదా సొమ్మిత్తునన్నాడు. రాజు లెక్కలో అది న్యాయమైన బేరమే. నాబోతు మాత్రము తన పితరుల స్వాస్థ్యమునకు వెల లేదని నిలిచెను. నిలిచినందుకు ప్రాణము కోల్పోయెను. తీగె పెరికి కూరాకు నాటవచ్చును, ఒక్క మాసములో ఆకు కోయవచ్చును. కాని మరల ఆ తీగెను నిలుపవలెనన్న మూడు తరములు పట్టును. పాతదానిని పడగొట్టువాడు ఈ లెక్క వేసికొని మరీ పడగొట్టవలెను.

ఇచ్చట కొందరు సహోదరీలు నన్ను ఆపి యిట్లు పలుకుదురు: “మత్తుపానీయమును పొగడుచున్నారు. మా యిండ్లు తెలియవా?” తెలియును. ఆ ప్రశ్నను దాటి పోవుట న్యాయము కాదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు, అక్షరములు నేర్చుకొను బడులలో కూర్చున్నవారు, సారాకు వ్యతిరేకముగా లేచిరి. ఆ ఉద్యమము రాష్ట్రమంతట వ్యాపించి, 1993 అక్టోబరు 1న సారా నిషేధింపబడెను. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధము వచ్చెను. 1997లో అది సడలింపబడెను. కూలి డబ్బు ఇల్లు చేరకమునుపే దుకాణము చేరిన రాత్రులు ఎన్ని యుండెనో ఆ స్త్రీలకే తెలియును. ఇంతేకాక, మద్యము ఎంత కొంచెమైనను ఆరోగ్యమునకు క్షేమమని చెప్పజాలమని 2023 జనవరిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐరోపా విభాగము ప్రకటించెను. పాత తీగెనుండి వచ్చినందున ఆ రసము ఈ తీర్పునకు వెలుపల లేదు. గ్రంథమును ఈ విషయములో దాపరికము లేనిదే. కానా వివాహములో నీరు ద్రాక్షారసముగా మారిన సంగతి చెప్పునదియు అదే; ద్రాక్షతోట నాటిన నోవహు తన గుడారములో మత్తుడై పడియుండుట చెప్పునదియు అదే.

కాబట్టి ఈ వ్యాసము త్రాగుమని పిలుచుట లేదు. నేర్పరియైన దొంగ తాళము తీయుట చూచి ఆశ్చర్యపడుట వంటిదా యిది? కాదు. తీగెను నాటి కాపాడినవారి గుణము వేరు, పాత్రను మితిమీరి వంచినవాని గుణము వేరు. మొదటివారిని మెచ్చి, రెండవవానినుండి తొలగుట మన వశమే. ఒక వస్తువును ముట్టకయే దాని వెనుకనున్న ఓర్పును గౌరవింపవచ్చును. అసలు సారాకును పాత రసమునకును భేద మెచ్చటనున్నదో చూడుడి: సారా తొందర నాశ్రయించినది, ఈ పూట కాచి, ఈ పూట అమ్మి, ఈ పూట మరపు నిచ్చును. తొందరయే దాని ప్రాణము. ఓర్పు నేర్చినవాడు సీసాలోని ఓర్పునుకూడ జయించి, దానిని త్రాగకయే యుండగలడు.

మన తాటిచెట్టును ఒకమారు తలంపుడి. గింజ నాటిన పన్నెండు, పదిహేను ఏండ్లకుగాని అది గీతకు రాదు. తరువాత నూరేండ్లవరకు నిలుచును. తాత నాటిన చెట్టుకు మనుమడు మోకు వేసికొని ఎక్కును. అయితే దాని కల్లునకు మాత్రము నిలువ లేదు. తెల్లవారుజామున లొట్టినుండి దించినప్పుడు తీయన, సాయంకాలమునకు పులుపు, మరునాటికి పనికిరాదు. చెట్టు పాతది, రసము నేటిది. ద్రాక్షతీగెయో, చెట్టును పాతది, రసమును పాతది. రెంటిలోను సమానమైనది ఒకటే: చెట్టునకు ముందు ఓర్చినవా డొకడుండెను. ప్రాణమునకు తెగించి నిత్యము ఎక్కి దిగు గీతకార్మికుని శ్రమలోను ఆ పూర్వపు ఓర్పు నిలిచియున్నది.

ఇదే సంగతిని మన చెరువులు చెప్పుచున్నవి. పాకాల చెరువు, రామప్ప చెరువు 13వ శతాబ్దమున కాకతీయుల కాలములో కట్టబడినవి; నేటికిని పొలములు తడుపుచున్నవి. అవి పాతవగుటచేత నిలువలేదు. కట్ట తెగినప్పుడెల్ల ఎవరో మట్టి మోసిరి; పూడిక నిండినప్పుడు తీసిరి. తీయని ఊళ్లలో చెరువులు పూడి, తుమ్మలు మొలిచి, పేరు మాత్రము మిగిలెను. అందుచేతనే 2015లో మిషన్ కాకతీయ పేర మరల పూడికతీత ఆరంభింపవలసి వచ్చెను. తీగెకు కత్తి యెట్లో చెరువునకు పార అట్లు. ఏటేట చేయబడు చిన్న పనియే ప్రాచీనత యనబడును.

ఇప్పుడు జవాబు చెప్పవచ్చును. పాతదైనందున మంచిది కాదు. మంచిదైనందున మాత్రమే నిలిచినదియు కాదు. మంచిదానిని గుర్తెరిగి, లాభము తక్కువైన దినములలోకూడ ఎవరో విడువకుండిరి గనుక అది నిలిచెను; నిలిచి లోతైన వేరు గలదాయెను. మంచితనము, కాలము, విడువని చేయి, ఈ మూడును కలిసినప్పుడే ఆ పక్వత వచ్చును. ఈ మూటిలో మొదటిది వరము, రెండవది దేవుని వశము. మూడవది మాత్రము మన పని.

చదువరీ, మీ యింటిలో ముదిసిన తీగె యేది? కాపు తగ్గినదని ఎవరిని మూలకు త్రోసితిమి? వృద్ధుడైన తండ్రి దినమునకు పది మాటలే పలుకవచ్చును. అవి చిన్న గుత్తులే. కూర్చుండి వినువారికి వాటిలో సారము హెచ్చు. అట్లని వృద్ధులు పలికినదంతయు వేదమని నే ననను. ముసలి తీగెకును కత్తిరింపు కావలెను. పూర్వులనుండి వచ్చిన కులగర్వము, కట్నపు ఆశ, స్త్రీలను తక్కువచేయు మాట యివి పాతవే. కాని ఇవి పుచ్చిన బియ్యము. వీటిని నిలువ చేయుట తగదు, పెరికివేయుట ధర్మము. మీ సంఘములోని యాచారములను, మీ కుటుంబపు మర్యాదలను ఒక్కొక్కటిగా చేతబట్టి చూడుడి: ఇది మొదట మంచిదా? మంచిదైనచో, ఈ యేడు దానిని కత్తిరించి నిలుపువా డెవడు?

మీరు నాటునది మీరు కోయకపోవచ్చును. వడ్డేపల్లి చెరువుగట్టునో, మీ ఊరి బడిముందో ఒక చింతమొక్క నాటినచో దాని నీడలో కూర్చుండువారు ఇంకను పుట్టియుండరు. చేతులు కలిపి మీ రిచ్చిన మాటకు వ్రాతపత్రము లేకపోవచ్చును, పైవారు వద్దనవచ్చును, నష్టము రావచ్చును. ఆ దినమున ఆ లోయను జ్ఞాపకము చేసికొనుడి. ముందు రాబోవువారు మన పేరు తెలియకయే మన ఓర్పును రుచి చూతురు గాక.